రెండో నంబరు పుస్తకం

ముప్పై ఒక్కేండ్లు రాసిన.
దేవరకొండ రిజిస్ట్రాపీసు ఎదురుంగ, రేకుల కింద,
టైపు మిషన్ కాడికెళ్లి కంప్యూటర్ దాకా
ఆఖరి పేజీల ఒక్కటే వాక్యం, ఇటుక అచ్చు పోసినట్టు:
"సదరు దస్తావేజును చదివి వినిపించగా విని,
సరియని ఒప్పుకొని, ఎవరి ఒత్తిడియు లేక
నా పూర్తి సమ్మతితో వ్రాయించి ఇచ్చితిని."
చదివింది లేదు. వినిపించింది లేదు.
ఎవరికి తీరిక?
స్లాటు పదకొండున్నరకు.

గోపమ్మ ఆపీసుకు రాలే.
రాలేదంటే, రాలేదు ఆమె.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి తాగి
నడుము నేలకొంగింది, మోకాళ్లు ముడిపడ్డయి.
చట్టంల దానికీ తొవ్వుంది:
మనిషి పోలేకుంటే సర్కారే ఇంటికి రావాలె.
దరఖాస్తు పెట్టినం, ఫీజు కట్టినం,
డాక్టరు కాయితం జత చేసినం.
మరిది కొడుకు లింగస్వామి కారు మాట్లాడిండు.
ముందు సీట్ల మేడం, ఒళ్లె ఇంకు ప్యాడు.
ఎనక నేను, సంచిల పన్నెండు పేజీలు.

నూట ఇరవై గజాలు.
తూర్పు: ఊట్కూరి సైదులు ఇల్లు.
(సైదులు పోయి తొమ్మిదేండ్లు.
హద్దుల మాత్రం ఇంక బతికే ఉన్నడు.)
పడమర: పంచాయతి బాట.
ఉత్తరం: గొర్ల దొడ్డి. గొర్లు లేవు.
దక్షిణం: కొనెటోని ఇల్లే.
నాలుగు దిక్కుల నడుమ ఒక నులక మంచం,
మంచం మీద జక్కలి గోపమ్మ.

ఫోటోకు మొకం ఎత్తుమన్నరు.
మెడ లేవలే.
లింగస్వామి గదుమ కింద చెయ్యి పెట్టి లేపబోయిండు.
"చెయ్యి తియ్యి," అన్నది మేడం.
"అందరు బయటికి పోండ్రి. సాక్షులు గూడ."
నన్ను ఆపింది.
"రాసింది నువ్వే గదా? చదువు."

నిలవడి చదివిన.
ముప్పై ఒక్కేండ్లల్ల మొదటిసారి
నా రాత నా నోట్లె పడ్డది,
బువ్వల రాయి పడ్డట్టు.
"...విక్రయ ప్రతిఫలము యావత్తు
సాక్షుల సమక్షమున నాకు ముట్టినది గనుక..."
గోపమ్మ నేలను చూసుకుంటనే అడిగింది:
"ఎవరికి ముట్టింది, బిడ్డా?"

మేడం మంచం కోడు పక్కన గొంతుకూసుంది,
ఆమె కండ్లకు తన కండ్లు అందేదాకా ఒంగి.
"అవ్వా, ఈ ఏలిముద్ర నీదేనా?"
"నాదే. పింఛను కాయితమంటె ఏసిన."
"ఇల్లు అమ్ముతున్నవని ఎరికేనా?"
శానాసేపు ఏం మాట్లాడలే.
దొడ్డిల ఎవరి కోడో గీరుతున్నది.
"ఏలు నాదే," అన్నది.
"మాట నాది గాదు."

ప్యాడు మూత పడ్డది.
అంతే చప్పుడు.

తిరిగొచ్చినంక అటెండరు
బీరువా అడుగు అరల చెయ్యి పెట్టి
దుమ్ము దులిపి తెచ్చిండు రెండో నంబరు పుస్తకం.
కాదన్న దస్తావేజులకు కారణం రాసే పుస్తకం.
ఒకటో నంబరువి గుట్టలు గుట్టలు నిండినయి.
ఇది నేనొచ్చిన కాడికెళ్లి సగం గూడ కాలే.
మేడం రాసింది:
వ్రాసి ఇచ్చినట్లు ఒప్పుకొనలేదు.
మూడే మాటలు.
కింద సంతకం, తారీఖు.

లింగస్వామి నా రాతకూలి వాపసు అడిగిండు. ఇచ్చిన.
కారు కిరాయిల సగమడిగిండు. అదీ ఇచ్చిన.
ఆయన తిట్టిన తిట్లల్ల ఒకటి మాత్రం
ఇంకా నాకాడనే ఉన్నది:
"ఎన్నడు లేంది, ఇయ్యాల్నే ఎందుకు చదివినవ్?"

తెల్లారి చందంపేట కాడి తండా నుంచి
కేతావత్ హర్యా వచ్చిండు, కొడుకును ఎంటేసుకొని.
ప్రింటు తీసిన. స్టాంపులు సరిజూసిన.
ఇంకు డబ్బీ మూత తియ్యలే.
"కూసో పెద్దమనిషీ, చదువుత."
"నువ్వు రాసిందాంట్ల తప్పేముంటది సారూ,
స్లాటు పోతది," అన్నడు కొడుకు.
"పోనీ."

రెండో పేజీ సగంల ఉన్న.
ముసలాయన చెయ్యి లేపిండు.
"ఆగు జర.
ఆ ఉత్తరం దిక్కు
మళ్లొక్కసారి చదువు."